ఒక్క స్టార్ ఇచ్చి తిట్టిన పొడికే మళ్ళీ వచ్చి నాలుగు ఇస్తున్నా: పళ్ళ కుళ్ళుకి బాసిల్లస్ పొడి, నా అనుభవం

ముందే చెప్పేస్తున్నా, ఈ పొడికి మొదట్లో ఒక్క స్టారే ఇచ్చా, అదీ సున్నా ఇచ్చే ఆప్షన్ లేక. "డబ్బు దండగ, సుద్దపొడి ప్యాకెట్లో పోసి అమ్ముతున్నారు" అని రాసి పడేశా. ఇప్పుడు అది తీసేసి ఇది రాస్తున్నా, ఎందుకంటే ఆ తిట్లలో సగం నన్ను నేను తిట్టుకోవాల్సినవి, మిగతా సగం మాత్రం కంపెనీకే చెందుతాయి, వాటిని వదిలిపెట్టేది లేదు, కింద వస్తాయి. కంపెనీ పేరు కావాలనే రాయట్లేదు, ఇదే రకం సరుకు వేరే వేరే పేర్లతో దొరుకుతుంది, నేను చెప్పేది వాటన్నిటికీ దాదాపు పనికొస్తుంది.

సరుకేంటంటే, కోసిన పళ్ళు నిల్వలో బూజు పట్టి కుళ్ళకుండా నీళ్ళలో కలిపి ముంచి తీసే పొడి. లోపల ఉన్నది రసాయనం కాదు, బాసిల్లస్ సబ్టిలిస్ అనే బ్యాక్టీరియా, అది కూడా నిద్రపోతున్న బీజాల (స్పోర్ల) రూపంలో. కిలో ప్యాకెట్. లేత గోధుమ రంగు, వేళ్ళ మధ్య టాల్కం పౌడర్ లాగా జారుతుంది, మూత తీయగానే వానకి తడిసి మళ్ళీ ఆరిన గడ్డివాము వాసన. ఆ వాసన ఊరికే రాలేదేమో, దీనికి ఎండుగడ్డి బాసిల్లస్ అనే పేరు కూడా ఉంది, ఎండుగడ్డి మీద అంత మామూలుగా ఉంటుంది ఈ జీవి. బాసిల్లస్ సబ్టిలిస్ అన్న పేరు ఫెర్డినాండ్ కోన్ 1872లో పెట్టాడు, అంటే కొత్తగా ల్యాబులో పుట్టించిన వింత జీవి కాదు, మట్టిలో ఉంటుంది, ఆకుల మీద ఉంటుంది, మన పండు తొక్క మీద కూడా ఎంతో కొంత ఉండే ఉంటుంది.

నాది పళ్ళు తెచ్చి గ్రేడింగ్ చేసి కొన్నాళ్ళు ఉంచి అమ్మే పని. ఎక్కువ నారింజ, సీజన్లో మామిడి, అప్పుడప్పుడు యాపిల్. ఈ పనిలో ఉన్నవాళ్ళకి కుళ్ళు గురించి నేను చెప్పక్కర్లేదు, కానీ కొత్తవాళ్ళ కోసం ఒక్క నారింజ కథ చెప్తా. క్రేటు మూత తీస్తే పైకి అన్నీ బంగారం లాగా ఉంటాయి, ఒకదాని మీద రూపాయి బిళ్ళంత మచ్చ, రంగు పెద్దగా మారదు, కొంచెం నీరు పట్టినట్టు ఉంటుంది అంతే, బొటనవేలితో నొక్కితే మాత్రం వేలు లోపలికి దిగిపోతుంది. అది చూసి కూడా "రేపు తీద్దాంలే" అనుకున్నారో అయిపోయారు. ఒకటి రెండు రోజుల్లో మచ్చ మధ్యలో తెల్లటి నూగు, ఆ నూగు మధ్యలోంచి ఆకుపచ్చ పొడి, చుట్టూ తెల్లటి అంచు మిగులుతుంది. ఆ కాయని చేత్తో ఎత్తగానే పచ్చటి పొగ లేస్తుంది చూడండి, అదంతా బీజాలే. పెనిసిలియం డిజిటాటం అంటారు దాన్ని, పూర్తిగా పచ్చబడ్డ ఒక్క కాయ మీద 100 కోట్లకి పైగా బీజాలు తయారవుతాయి. నేను ఆ కాయల్ని షెడ్డులోనే మూలన డ్రమ్ములో పడేసి ఫ్యాను వేసుకుని కూర్చునేవాణ్ణి. తెలివి అలా ఉండేది.

ఇంకో తేడా కూడా అప్పుడు తెలీదు నాకు. పచ్చబూజు ఆరోగ్యంగా ఉన్న పక్క కాయ తొక్కని చీల్చుకుని లోపలికి పోలేదు, దానికి గాటు కావాలి, గోరు గీసుకున్నదో, ముల్లు గుచ్చుకున్నదో, కత్తెర మొన తగిలిందో, ఏదో ఒక సందు. పక్క కాయల మీద పొడి మాత్రం రాలుతుంది, కడిగితే పోతుంది. నీలిబూజు అలా కాదు, పెనిసిలియం ఇటాలికం, అది ఒక కాయ నుంచి ఆనుకుని ఉన్న కాయకి పాకుతుంది, అందుకే క్రేటులో నాలుగైదు కాయలు గూడు కట్టినట్టు ఒకేచోట పోయి ఉంటే అది నీలిదై ఉండే అవకాశం ఎక్కువ. రెండూ కుళ్ళే కదా అనుకుంటాం, కానీ ఈ గాటు సంగతి అర్థమైతే తప్ప ఈ పొడి ఎందుకు పనిచేస్తుందో, ఎప్పుడు చేయదో బుర్రకెక్కదు. నాకు ఎక్కడానికి ఒక లోడు పట్టింది.

ఇప్పుడు ఆ లోడు సంగతి. ప్యాకెట్ మీద "లీటరుకి 10 గ్రాములు, శుభ్రమైన నీటిలో కలిపి ముంచండి" అని ఉంది, అంతే, ఇంకేం లేదు. అమ్మిన అతన్ని అడిగితే "అన్నా, రాత్రే కాస్త చక్కెర నీళ్ళలో నానబెట్టుకో, పొద్దున్నకి బ్యాక్టీరియా ఉషారుగా ఉంటది" అన్నాడు. బాగానే ఉంది కదా అని బకెట్లో చక్కెర వేసి పొడి కలిపి మూతపెట్టి పడుకున్నా. పొద్దున్నకి పైన నురగ, పుల్లటి వాసన, చూసి తెగ మురిసిపోయా. తర్వాత కాయలు కడిగే పెద్ద తొట్టిలో పోశా. ఆ తొట్టిలో ఏముంది? బ్లీచింగ్ కలిపిన నీళ్ళు. రోజూ వాటితోనే కడుగుతాం కాబట్టి అవి "శుభ్రమైన నీళ్ళు" అనే నా లెక్క. దగ్గరుండి కలిపి, కర్రతో తిప్పి, కాయలన్నీ ముంచి, క్రేట్లకెత్తి, చేతులు దులుపుకున్నా. వారం తిరిగేసరికి సగం క్రేట్లు పచ్చగా. మా బావ వచ్చి చూసి "బ్యాక్టీరియాకి స్నానం చేయించావా బావా" అన్నాడు, నవ్వు రాలేదు అప్పుడు.

ఏం జరిగిందో తర్వాత కూర్చుని చదువుకుంటే తెలిసింది. బాసిల్లస్ బీజం మహా మొండిది, ఎండకి ఆగుతుంది, ఎండిపోయినా ఆగుతుంది, అందుకే దీన్ని పొడిగా చేసి ప్యాకెట్లో అమ్మగలుగుతున్నారు, ఫ్రిజ్ కూడా అక్కర్లేదు. ఆ మొండితనమంతా పైనున్న కవచంలో ఉంది. అది మేల్కొని మొలకెత్తిందంటే కవచం పోయినట్టే, అప్పుడు అది మామూలు బ్యాక్టీరియా, క్లోరిన్ తగిలితే క్షణాల్లో చస్తుంది. నేను చేసిందేంటి, రాత్రంతా బుజ్జగించి నిద్రలేపి, కవచం విప్పించి, పొద్దున్నే తీసుకెళ్ళి క్లోరిన్‌లో పోశా. పైగా మిగిలిన చక్కెర కాయల గాట్లలోకి పోయి బూజుకి విందు అయ్యింది. ఇంతకంటే పద్ధతిగా నష్టపోవడం ఎవరికీ చేతకాదు.

సరే, అసలు ఇది పనిచేసే తీరు. గాటు పడ్డ చోట తీపి రసం ఊరుతుంది, బూజు బీజం మొలకెత్తడానికి ఆ రసమే కావాలి. ఈ బ్యాక్టీరియా ముందే అక్కడ చేరితే ఆ రసం అది తాగేస్తుంది, జాగా అంతా పరుచుకుంటుంది, ఒక సన్నటి జిగురు పొర కట్టుకుని కూర్చుంటుంది. దానికి తోడు బాసిల్లస్ కొన్ని పదార్థాలు వదులుతుంది, ఇటురిన్, ఫెంజైసిన్, సర్ఫాక్టిన్ అని, అవి కొంచెం సబ్బు స్వభావం ఉన్న అణువులు, వీటిలో ముఖ్యంగా ఇటురిన్, ఫెంజైసిన్ బూజు కణాల పైపొరకి తూట్లు పొడుస్తాయి. పండు కూడా తన రక్షణ తను కొంత పెంచుకుంటుందని అంటారు. బస్సులో సీటు మీద కర్చీఫ్ వేసినట్టు అనుకోండి, ముందు వేసినవాడిదే సీటు. వెనక వచ్చి ఎంత గొడవపడినా కూర్చున్నవాణ్ణి లేపడం కష్టం. బూజు ముందు కూర్చుందంటే ఈ పొడి ఎంత పోసినా లేపలేదు. ఇది కాపలా కాస్తుంది, వైద్యం చేయదు.

ఇదేమీ నిన్న మొన్నటి ఐడియా కాదు. 1984లోనే అమెరికాలో పూసీ, విల్సన్ అనే ఇద్దరు బాసిల్లస్ సబ్టిలిస్‌తో పీచ్ పళ్ళకి వచ్చే గోధుమ కుళ్ళుని ఆపి చూపించారు, బి-3 అనే రకంతో. ఆ తర్వాత 1988లో దాన్ని ప్యాకింగ్ లైన్లో పళ్ళకి పూసే మైనంలోనే కలిపి పరీక్షించారు, ఆ ముక్క చదివినప్పుడు నాకు ముచ్చటేసింది, ఎందుకంటే ప్యాకింగ్ చేసేవాడి కష్టం తెలిసినవాళ్ళే అలా ఆలోచిస్తారు, ఇంకో తొట్టి, ఇంకో ముంపు, ఇంకో ఆరబెట్టుడు లేకుండా. 1995లో అక్కడ కోసిన పళ్ళ కోసమే ఇలాంటి రెండు సరుకులకి రిజిస్ట్రేషన్ కూడా వచ్చింది, బయోసేవ్ అనేది సూడోమోనాస్ సిరింజే బ్యాక్టీరియాతో, ఆస్పైర్ అనేది కాండిడా ఓలియోఫిలా అనే ఈస్ట్‌తో. అంటే మనం గినీపిగ్గులం కాదు, దారి ముందే వేసి ఉంది, మనమే లేటు.

లోడు పోయాక కోపంలో ప్యాకెట్ పారేయబోయి, ఆగి, ఒక చిన్న టెస్ట్ చేశా. ఊరికే కాయలు ముంచి చూస్తే నమ్మకం కుదరదు కదా, అందుకని కావాలనే గాయం చేశా. ఒక మేకు తీసుకుని మొన నుంచి కొంచెం వదిలి టేపు చుట్టా, ఎంత గుచ్చినా అంతకంటే లోతు దిగకుండా. ప్రతి నారింజకి నడుము దగ్గర ఒక్క పోటు. మూడు ట్రేలు. మొదటి ట్రేలో ఉత్త నీళ్ళు. రెండో దాంట్లో పొడి నీళ్ళలో ముంచి, ఆరాక మర్నాడు పచ్చబూజు కాయ కడిగిన నీళ్ళు ఒక్కో చుక్క ఆ పోటులో వేశా. మూడో దాంట్లో తిరగేశా, ముందు బూజు నీళ్ళ చుక్క, మర్నాడు పొడిలో ముంపు. బూజు చుక్క మొదటి ట్రేకి కూడా వేశాననుకోండి, లేకపోతే పోలిక ఉండదు.

అయిదో రోజు ట్రేలు చూస్తే టెస్ట్ ఏంటో తెలీని మా పిల్లాడు కూడా చెప్పేశాడు ఏ ట్రే ఏదో. ఉత్త నీళ్ళ ట్రే మొత్తం మెత్తబడి తెల్లనూగు. మూడోది దానికేం తీసిపోలేదు, ఒకటి రెండు కాయలు బతికాయేమో. రెండో ట్రేలో పోయినవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, మిగతా వాటిలో పోటు చుట్టూ తొక్క గట్టిగా, కొంచెం గోధుమరంగు తిరిగి, మానిన పుండు మీద పక్కు కట్టినట్టు ఉంది. ఒకటి కోసి చూశా, తొక్క లోపలి తెల్లటి పొర తెల్లగానే ఉంది, వాసన నారింజ వాసనే. అప్పుడు పీకా నా పాత రివ్యూ.

ఆ ఒక్కరోజు తేడాయే మొత్తం కథ. కోత నుంచి ముంపు దాకా ఎంత టైం పడుతుందో అదే ఈ పొడి ఫలితం. మామూలుగా గాటులో పడ్డ బూజు ఒకటి రెండు రోజుల్లో పాతుకుపోతుంది, ఆ తర్వాత ఏం చేసినా కళ్ళ తుడుపే. నేను ఇప్పుడు లోడు వచ్చిన రోజే ముంచేస్తా, లారీ లేటైతే రాత్రి లైట్లు వేసుకుని మరీ. తోట దగ్గర కోసేటప్పుడే ముంచగలిగితే ఇంకా మంచిది కానీ నా చేతిలో లేదు అది.

ఇప్పుడు నేను చేసే పద్ధతి, ఎవరికైనా పనికొస్తుందని. కాయలు ముందు క్లోరిన్ నీళ్ళలోనే కడుగుతా, అది మానలేదు, ఎందుకంటే తొక్క మీద బూజు బీజాల భారం తగ్గించకుండా ఈ బ్యాక్టీరియాని యుద్ధానికి పంపితే పాపం ఎన్నింటితో పోరాడుతుంది. తర్వాత మామూలు నీళ్ళతో బాగా జాడించి, నీళ్ళు కారిపోయేదాకా ఉంచి, అప్పుడు వేరే తొట్టిలో పొడి కలిపిన నీళ్ళు. ఆ తొట్టికి రంగు వేయించా, ఎవడూ పొరపాటున బ్లీచింగ్ మగ్గు అందులో ముంచకుండా. కుళాయి నీళ్ళలో కూడా క్లోరిన్ ఉంటుంది కాబట్టి ముందురోజే పట్టి మూత తీసి ఉంచుతా. చక్కెర లేదు, రాత్రి నానబెట్టుడు లేదు, అరగంట ముందు కొంచెం నీళ్ళలో ముద్దలా కలిపి ఉండలు లేకుండా చేసి తొట్టిలో పోయడమే. ముంచేటప్పుడు కర్రతో తిప్పుతూ ఉండాలి, లేకపోతే అడుగున బురద లాగా దిగిపోతుంది, మొదటి క్రేట్లకి ఉత్త నీళ్ళు, చివరి క్రేట్లకి పాయసం. తర్వాత ఫ్యాను కింద పూర్తిగా ఆరాకే ప్యాకింగ్. తడి కాయని డబ్బాలో పెట్టి మూసేస్తే ఏ బ్యాక్టీరియా కాపాడలేదు.

డోసు గురించి ఒక లెక్క. ప్యాకెట్ మీద గ్రాముకి 100 కోట్లు అని ఉంది, సీఎఫ్‌యూ అంటారు, అంటే మొలకెత్తి గుంపు కట్టగలిగేవి ఎన్ని అని. లీటరుకి 10 గ్రాములు వేస్తే లీటరుకి 1000 కోట్లు, మిల్లీలీటరుకి 1 కోటి. పరిశోధనల్లో మామూలుగా వాడేది మిల్లీలీటరుకి 1 కోటి నుంచి 10 కోట్ల మధ్య, కాబట్టి ఈ డోసు కింది అంచు మీద ఉందన్నమాట. అందుకే పొదుపు అని చెప్పి 5 గ్రాములకి దిగకండి, నేను దిగి చూశా, రసాయనం అయితే సగం వేస్తే సగం పని చేస్తుందేమో గానీ ఇక్కడ సీటు పట్టుకునే మనుషులే తక్కువైతే బస్సు మొత్తం బూజుదే.

మామిడి దగ్గరికి వద్దాం, ఇక్కడ నేను పొగడలేను. మామిడికి వచ్చే నల్లమచ్చల కుళ్ళు, ఆంత్రాక్నోస్, అది షెడ్డులో అంటుకునేది కాదు. కాయ చెట్టు మీద పిందెగా ఉన్నప్పుడే కొల్లెటోట్రైకం అనే శిలీంధ్రం తొక్కలోకి దూరి పడుకుంటుంది, కాయ పచ్చిగా ఉన్నన్నాళ్ళు కదలదు, మగ్గడం మొదలవగానే లేస్తుంది. తొడిమ దగ్గర మొదలయ్యే కుళ్ళు కూడా చాలావరకు అలా తోట నుంచి వచ్చేదే. అంటే కర్చీఫ్ వాడు ఎప్పుడో వేసేశాడు, మనం తర్వాత వెళ్ళి ముంచితే ఏం లాభం. మొదటి సీజన్లో మామిడికి ఈ పొడి ఒక్కటే వాడితే తేడా ఉందా లేదా అని తేల్చుకోలేకపోయా, అంటే లేనట్టే. తర్వాత ముందు వేడినీళ్ళ ముంపు, 52 డిగ్రీల దగ్గర 5 నిమిషాలు, దాని తర్వాత కాయ చల్లారాక ఈ పొడి ముంపు, అలా చేశాక మాత్రం మచ్చలు బాగా తగ్గాయి. వేడి లోపలున్నవాణ్ణి దెబ్బకొడుతుంది, పొడి బయటివాణ్ణి రానివ్వదు. కానీ నిజం చెప్పాలంటే అందులో ఎక్కువ మార్కులు వేడినీళ్ళవే. థర్మామీటర్ లేకుండా మాత్రం చేయకండి, రెండు మూడు డిగ్రీలు దాటిందంటే తొక్క కమిలిపోతుంది, ఆ కమిలిన చోటే మళ్ళీ బూజు.

నారింజకి కూడా ఇలాంటి తోడు ఒకటి ఉంది, వంటసోడా. దక్షిణాఫ్రికాలో ఒబాగ్వు, కోర్స్టన్ అనే ఇద్దరు 2003లో అచ్చు వేసిన పని ఇదే, బాసిల్లస్ సబ్టిలిస్‌కి సోడా గానీ వేడినీళ్ళు గానీ జోడిస్తే పచ్చబూజు, నీలిబూజు రెండిటి మీదా ఒంటరిగా కంటే బాగా పనిచేసింది. నేను సోడా నీళ్ళ ముంపు పెట్టి చూశా, బాగుంది, కాకపోతే ఆరాక తొక్క మీద తెల్లటి చారలు, తుడిచే మనిషి ఇంకొకడు కావాలి. పెద్ద లోడుకి చేయట్లేదు, ఎక్కువ రోజులు ఉంచాల్సిన వాటికే.

యాపిల్ సంగతి కొంచెం చిరాకు. కోల్డ్ స్టోరేజ్‌లో పెట్టేవాళ్ళు ఇది జాగ్రత్తగా చదవండి. ఈ బాసిల్లస్‌కి వెచ్చదనం కావాలి, సున్నా డిగ్రీల దగ్గర దాదాపు ముడుచుకుని కూర్చుంటుంది. యాపిల్ మీద వచ్చే నీలిబూజు, పెనిసిలియం ఎక్స్‌పాన్సం, ఆ చలిలో కూడా మెల్లగా పెరుగుతూనే ఉంటుంది, బోట్రైటిస్ అనే బూడిద బూజూ అంతే. కాపలావాడు రగ్గు కప్పుకుని పడుకుంటే దొంగ తాపీగా పని చేసుకుంటున్నట్టు. నా యాపిల్ డబ్బాలు బయట పెట్టినవి పర్లేదు, చలిగదిలోవి నిరాశే. చలికి సూడోమోనాస్ సిరింజే లాంటివి నయం, చలిలో కూడా పెరగగలవు, కానీ వాటికి బీజం కవచం ఉండదు కాబట్టి ప్యాకెట్‌ని మొదటి నుంచి చల్లగా కాపాడుకోవాలి, ఎండలో ఒక్క రోజు వాహనంలో ఉంటే లోపల శవాలే. ఏది కావాలో మీ గది టెంపరేచర్ చూసి తేల్చుకోండి, అమ్మేవాడు "అన్నిటికీ ఇదే అన్నా" అంటే నవ్వి ఊరుకోండి.

యాపిల్ మాటొచ్చింది కాబట్టి ఇంకోటి, కుళ్ళిన ముక్క కోసేసి మిగతాది జ్యూసుకి పంపే అలవాటు ఉంటే మానుకోండి. ఆ నీలిబూజు పాటులిన్ అనే విషం తయారు చేస్తుంది, అది మచ్చ చుట్టూ ఉన్న గుజ్జులోకి కూడా పాకుతుంది, కాచినా పూర్తిగా పోదు. యాపిల్ జ్యూసులో కిలోకి 50 మైక్రోగ్రాములు దాటకూడదని కోడెక్స్ అనే అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ పరిమితి పెట్టింది ఊరికే కాదు. కుళ్ళు ఆపడం అంటే సరుకు మిగలడం ఒక్కటే కాదు అని నాకు దీంతో అర్థమైంది.

రసాయనం మానేసి దీనికి రావచ్చా అని నన్ను చాలామంది అడిగారు. నేను పూర్తిగా మానలేదు, తగ్గించా. ఇమజాలిల్, థయాబెండజోల్ లాంటి బూజు మందులు ఒకప్పుడు బ్రహ్మాండంగా పనిచేసేవి, ఏళ్ళ తరబడి అదే షెడ్డులో అదే మందు కొడుతూ పోతే దానికి లొంగని బూజు రకాలు మిగిలి అవే పెరుగుతాయి, నా షెడ్డులో మందు వేసినా పచ్చబడే కాయలు చూశాకే నేను ఈ పొడి వైపు వచ్చా. బ్యాక్టీరియా ఒకే పోటు పొడవదు, తిండి లాక్కుంటుంది, జాగా ఆక్రమిస్తుంది, రెండు మూడు రకాల అణువులు వదులుతుంది, అన్నిటినీ ఒకేసారి తట్టుకోవడం బూజుకి అంత తేలిక కాదు. అయితే మందులా ప్రతి లోడుకీ ఒకే ఫలితం ఆశించకండి, గట్టి కాయకి ఒకలా, బాగా పండిన కాయకి ఒకలా, వానాకాలం కోతకి ఇంకోలా ఉంటుంది. ఇప్పటికే అన్ని కాయలూ దెబ్బలు తిని వచ్చిన లోడుకి నేను దీన్ని నమ్ముకోను.

ఇక కంపెనీ మీద నా ఫిర్యాదులు. ఒకటి, లేబుల్. క్లోరిన్‌తో కలపొద్దు అన్న నాలుగు మాటలు లేవు, చక్కెరతో నానబెట్టొద్దని లేదు, కోసిన ఎన్ని గంటల్లోపు వాడాలో లేదు. కానీ ఆకుపచ్చ ఆకు బొమ్మ మాత్రం అరచేయంత ఉంది, కింద "అన్ని రకాల తెగుళ్ళకు" అని. ఫోన్ చేసి అడిగితే అటువైపు అమ్మాయి పాపం మర్యాదగానే మాట్లాడింది, "సార్ అది అందరికీ తెలుసు కదా సార్" అంది. అందరికీ తెలిస్తే నా లోడు ఎందుకు పోతుందమ్మా.

రెండు, ఆ 100 కోట్లు తయారైన రోజు లెక్కా, ఎక్స్‌పైరీ రోజు లెక్కా అన్నది ఎక్కడా లేదు. నాకు వచ్చిన ఒక ప్యాకెట్‌కి గడువు ఇంకా రెండు నెలలే ఉంది, దాంతో ముంచినవి మిగతా వాటంత బాగా రాలేదు, నా భ్రమ కూడా కావచ్చు. తారీకు చూసి కొనండి, అంతే. మూడు, ప్యాకెట్‌కి జిప్ లేదు, కత్తిరించాక క్లిప్పు పెట్టుకోవాలి, చెమ్మ తగిలితే ఉండలు కడుతుంది. నాలుగు, పొడిలో ఉండే పిండి లాంటిది స్ప్రేయర్ నాజిల్‌కి అడ్డం పడుతుంది, రెండుసార్లు విప్పి సూదితో పొడవాల్సి వచ్చింది, కాబట్టి స్ప్రే చేద్దామనుకునేవాళ్ళు ముందు పల్చటి గుడ్డతో వడకట్టుకోండి, లేదా నాలా ముంపుకే ఉండిపోండి. ముదురు రంగు కాయల మీద ఆరాక లేత బూడిద పొర కనిపిస్తుంది, తుడిస్తే పోతుంది. కలిపేటప్పుడు ముక్కుకి గుడ్డ కట్టుకోండి, బ్యాక్టీరియా మంచిదే కావచ్చు, పొడి పొడే, ఒకరోజంతా తుమ్మా.

చిన్న ప్యాకెట్ తెస్తే బాగుంటుంది కూడా. కలిపిన నీళ్ళు మర్నాటికి ఉంచుకోలేం, వాసన వచ్చేస్తాయి, పైగా అందులో కాయల నుంచి రాలిన బూజు బీజాలు కూడా చేరి ఉంటాయి. రోజుకి పది క్రేట్లు ముంచే చిన్నవాడికి కిలో ప్యాకెట్ తెరిస్తే ఎన్నాళ్ళు పడుతుందో పాపం.

స్టార్ల లెక్క మొత్తానికి నాలుగు, అది నారింజ చూసి ఇచ్చింది. మామిడి ఒక్కటే నిల్వ చేసేవాళ్ళు మూడు అనుకోండి, చలిగది యాపిల్ వాళ్ళు అసలు ఈ రకం కొనకండి. అయిదో స్టార్ నా దగ్గరే పెట్టుకున్నా, ఆ ఆకు బొమ్మ కొంచెం చిన్నది చేసి ఆ జాగాలో క్లోరిన్ మాట అచ్చు వేసిన రోజు వచ్చి ఇచ్చేస్తా.